లైట్ వాటర్ అంటే మామూలు నీళ్లా, మంటలార్పే ఫోమా? పాత డ్రమ్ములు దొరికాయి, ఏం చేయాలి

మణలి_సేఫ్టీ · శుక్రవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. చెన్నైలో మణలి దగ్గర ఒక సాల్వెంట్ స్టోరేజీలో సేఫ్టీ చూస్తుంటాను, మాది తెనాలి. ఒక విషయం అర్జెంటుగా తేల్చుకోవాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

మా పాత పంప్ హౌస్ వెనక గది ఖాళీ చేయిస్తుంటే 20 లీటర్ల డ్రమ్ములు కొన్ని బయటపడ్డాయి. లేబుళ్లు సగం చిరిగిపోయాయి, తయారు చేసిన కంపెనీ పేరు లేదు, తేదీ లేదు. మిగిలిన ముక్క మీద ‘లైట్ వాటర్’ అని, దాని కింద 6% అని మాత్రం చదవడానికి వస్తోంది. స్టోర్స్ రిజిస్టర్‌లో కూడా అదే పేరుతో ఎక్కించి ఉంది, ఎవరు ఎప్పుడు కొన్నారో చెప్పేవాళ్లు లేరు. స్టోర్స్‌లో ఆయన ఫోన్‌లో వెతికి ‘లైట్ వాటర్ అంటే మామూలు నీళ్లే సార్, భారజలం కాని నీళ్లు, అణు విద్యుత్ కేంద్రాల్లో వాడతారట, వానకాలవలో పారబోసి డ్రమ్ములు స్క్రాప్‌కి ఇచ్చేద్దాం’ అంటున్నాడు. మా మేనేజర్ గారేమో అది మంటలార్పే ఫోమ్ కాంపౌండ్ అయ్యుంటుంది అంటున్నారు గానీ, చివరికి ఆయన కూడా ‘నురగ నీళ్లే కదా, పోసేయండి’ అనే అంటున్నారు. సోమవారం స్క్రాప్ లారీ వస్తుంది. ఈ రెండు అర్థాలూ నిజమేనా? నిజమైతే మా దగ్గర ఉన్నది ఏది?

గిండీ_హాస్టల్ · శుక్రవారం, రాత్రి 9.58

అన్నా, రెండూ నిజమే. మా పుస్తకాల్లో లైట్ వాటర్ అంటే మామూలు హెచ్2ఓ. లైట్ వాటర్ రియాక్టర్ అంటే మామూలు నీళ్లతో నడిచే రియాక్టర్. ఫోమ్ సంగతి నాకు అంత తెలియదు. కానీ మామూలు నీళ్లకి 6% అని ఎవరూ రాయరు కదా.

పోర్ట్_సీను · శుక్రవారం, రాత్రి 10.15

6% అని ఉందంటే ఫోమ్ కాంపౌండే, అందులో అనుమానమే లేదు. 94 లీటర్ల నీళ్లకి 6 లీటర్లు కలపాలని దానర్థం. మంచి సరుకు అది, పాత రోజుల్లో దానికి మించింది లేదు. పారేయడం ఎందుకు, డ్రిల్లుకి వాడుకోండి.

కల్పక్కం_మాస్టారు · శుక్రవారం, రాత్రి 10.50

నేను కల్పక్కం అణు విద్యుత్ కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. స్టోర్స్ ఆయన చదివింది తప్పు కాదు, ఆయన దగ్గర ఉన్న డ్రమ్ముకి అది వర్తించదు, అంతే. ముందు ఆయన చదివింది ఏమిటో సరిగ్గా చెప్తాను. అప్పుడు ఆ డ్రమ్ములో అది ఎందుకు ఉండదో ఆయనకే అర్థమవుతుంది.

హైడ్రోజన్‌లో బరువైన రకం ఒకటి ఉంది, డ్యుటీరియం. 1931లో హెరాల్డ్ యూరీ కనిపెట్టాడు, 1934లో ఆయనకి రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. సముద్రంలోనైనా మన బోరులోనైనా హైడ్రోజన్ పరమాణువులు ఓ 6,400 తీసుకుంటే వాటిలో ఒకటి ఇది ఉంటుంది. ఈ డ్యుటీరియంతోనే తయారైన నీరు భారజలం. మామూలు నీళ్లకన్నా దాదాపు 11 శాతం బరువు, 3.8 డిగ్రీల దగ్గరే గడ్డ కడుతుంది, ఆ గడ్డని మామూలు నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. భారజలం అనే మాట పుట్టాక దానికి ఎదురుగా మామూలు నీళ్లకి కూడా ఒక పేరు కావాల్సి వచ్చింది, అదే లైట్ వాటర్. అంటే ఆ పేరు రియాక్టర్ల లెక్కలో తప్ప బయట ఎవరికీ అవసరం లేదు. మామూలు నీళ్లని డ్రమ్ములో పోసి, ఆ పేరు పెట్టి, ఒక సాల్వెంట్ స్టోరేజీకి అమ్మేవాడు ఉండడు.

రియాక్టర్‌లో ఈ తేడా ఎందుకంటే, యురేనియం చీలినప్పుడు వచ్చే న్యూట్రాన్లు మహా వేగంగా ఉంటాయి, వాటిని నెమ్మదింపజేస్తేనే తర్వాతి యురేనియం వాటిని పట్టుకుంటుంది. మామూలు నీళ్లు ఆ పని బాగానే చేస్తాయి గానీ మధ్యలో కొన్ని న్యూట్రాన్లని తామే మింగేస్తాయి. భారజలం దాదాపు మింగదు. అందుకని భారజలం ఉంటే గనిలోంచి వచ్చిన యురేనియాన్ని, అంటే తేలిగ్గా చీలే 235 రకం 0.7 శాతమే ఉన్నదాన్ని, అలాగే వాడుకోవచ్చు. మామూలు నీళ్లయితే ఆ 0.7ని 3 నుంచి 5 శాతం దాకా శుద్ధి చేసి పెంచాలి. మన కల్పక్కంలో 220 మెగావాట్ల యూనిట్లు రెండూ భారజలంతో నడిచేవి, కూడంకుళంలో రష్యా సహకారంతో కట్టిన 1,000 మెగావాట్ల యూనిట్లు లైట్ వాటర్‌వి, 1969లో మొదలైన తారాపూర్ మొదటి రెండూ కూడా లైట్ వాటర్‌వే. ఇక ఆ భారజలం తయారయ్యే చోట్లలో ఒకటి మన మణుగూరు. గోదావరి నీళ్లు తీసుకుని, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో ఎన్నో దశల్లో మార్పిడి చేయించి, పది లక్షల్లో 155 పాళ్లు (155 పీపీఎం) మాత్రమే ఉన్న ఆ డ్యుటీరియాన్ని 99 శాతం పైకి తీసుకొస్తారు. అంత శ్రమతో వచ్చేది కాబట్టే ఒక్క చుక్క కారినా లెక్క రాసేవాళ్లం.

ఇంకొకటి, లైట్ వాటర్ అంటే మామూలు నీళ్లన్నాం కదా అని రియాక్టర్‌లో మెట్రో వాటర్ పోయరు. కూడంకుళంలో సముద్రపు నీటిని ఉప్పు తీసి, ఆ తర్వాత ఖనిజాలన్నీ తీసేసి వాడతారు, దాంట్లో బోరిక్ ఆమ్లం కూడా కలుపుతారు. కాబట్టి ఆ అర్థంలో చూసినా ‘మామూలు నీళ్లే, కాలవలో పోయొచ్చు’ అనుకోవడానికి లేదు.

గిండీ_హాస్టల్ · శుక్రవారం, రాత్రి 11.05

మాస్టారూ, గాబన్ దేశంలో ఓక్లో గనుల్లో 200 కోట్ల ఏళ్ల కిందట దానంతట అదే నడిచిన రియాక్టర్‌లో కూడా భూగర్భ జలమే కదా ఈ పని చేసింది. అప్పుడు సహజ యురేనియంలోనే 235 రకం 3 శాతం పైగా ఉండేది కాబట్టి మామూలు నీళ్లు సరిపోయాయి. నీళ్లు ఆవిరైపోతే ఆగేది, మళ్లీ ఊరితే మొదలయ్యేది. నాకు చాలా ఇష్టమైన విషయం అది.

కల్పక్కం_మాస్టారు · శుక్రవారం, రాత్రి 11.12

అవును నాయనా. లైట్ వాటర్ రియాక్టర్లలో ఉన్న సుగుణం కూడా అదే, నీళ్లు పోతే గొలుసు చర్య ఆగుతుంది. కాని లోపల మిగిలిన వేడి ఆగదు, 2011లో ఫుకుషిమాలో జరిగింది అదే.

మీనంబాక్కం_ఫైర్ · శనివారం, ఉదయం 6.20

విమానాశ్రయం ఫైర్ సర్వీసులో పనిచేసి బయటికొచ్చినవాణ్ణి, నెల్లూరు జిల్లావాణ్ణి. తమ్ముడూ, మణలి సేఫ్టీ గారూ, ముందు ఒకటి చెప్పండి. మూత తీసి చూశారా? రంగు, వాసన ఎలా ఉన్నాయి? మీ ట్యాంకుల్లో ఏమేం ఉంటాయి? అంతవరకు ఒక్క చుక్క కూడా ఎక్కడా పోయకండి. సీను గారు చెప్పినట్టు డ్రిల్లుకి కూడా వద్దు.

మణలి_సేఫ్టీ · శనివారం, ఉదయం 7.05

నమస్తే అన్నగారూ. ఒక డ్రమ్ము తెరిచాం. లేత పసుపు రంగు, తేటగా ఉంది, నీళ్లకన్నా కొద్దిగా చిక్కన, ఘాటు వాసన ఏమీ లేదు. గ్లవ్స్ వేసుకుని కొంచెం సీసాలో తీసి నీళ్లు కలిపి ఊపితే సీసా నిండా నురగ వచ్చింది, చాలాసేపు పోలేదు. ట్యాంకుల్లో టొలువిన్, మిథనాల్, అసిటోన్ ఉంటాయి, ఒక్కోసారి ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా.

మీనంబాక్కం_ఫైర్ · శనివారం, ఉదయం 8.30

అయితే అది ఫిల్మ్ ఫామింగ్ ఫోమ్, అంటే మండే ద్రవం మీద పలచటి పొర కట్టే ఫోమ్, ఫీల్డులో అందరం ఏఎఫ్ఎఫ్ఎఫ్ అంటాం. పాత ప్రొటీన్ ఫోమ్ అయితే ముదురు గోధుమ రంగులో ఉండి, మూత తీయగానే కుళ్లు వాసన కొట్టేది. ‘లైట్ వాటర్’ అనేది అమెరికాలో త్రీఎం కంపెనీ ఈ రకం ఫోమ్‌కి పెట్టుకున్న బ్రాండ్ పేరు. 1960లలో అమెరికా నౌకాదళ పరిశోధన సంస్థతో కలిసి తయారు చేశారు. తర్వాత ఆ పేరు ఎంత పాకిపోయిందంటే, ఎవరు తయారు చేసినా ఫైర్ వాళ్లలో కొందరు ఈ రకం ఫోమ్ అంతటినీ అదే పేరుతో పిలిచేవారు. మీ డ్రమ్ము మీద కంపెనీ పేరు లేదు కాబట్టి ఎవరిదని నేను చెప్పను, రకం మాత్రం అదే.

పేరు ఎందుకలా పెట్టారో తెలిస్తే దాంట్లో ఏముందో కూడా తెలుస్తుంది. రసం మీద నూనె తేలుతుంది, నూనె మీద రసం తేలదు. పెట్రోలు మీద నీళ్లు పోస్తే అవి అడుక్కి పోతాయి, మండే పెట్రోలు పైకి లేచి ఇంకా పారుతుంది. కానీ ఈ ఫోమ్ కలిపిన నీళ్లు పెట్రోలు పైన పలచటి పొరలా పరుచుకుని అక్కడే నిలబడతాయి. నీళ్లు తేలికవడం వల్ల కాదు అది, బరువు దాదాపు అంతే. తలతన్యత వల్ల. మామూలు నీళ్లకి మీటరుకి 72 మిల్లీ న్యూటన్లుంటే ఈ ద్రావణానికి 15 నుంచి 18కి పడిపోతుంది, పెట్రోలు లాంటివి 20, 25 మధ్య ఉంటాయి. అందుకని నురగలోంచి జారిన నీరు పెట్రోలు మీద తనంతట తానే పాకుతూ పోయి ఆవిరిని మూసేస్తుంది. నురగ చేరని మూలకి కూడా పొర చేరుతుంది. మంట సెకన్లలో పడిపోతుంది, నేను కళ్లారా చూశాను, ఆ పని చేయగలిగింది అప్పట్లో ఇంకోటి లేదు.

1967 జూలై 29న అమెరికా విమాన వాహక నౌక ఫారెస్టల్ మీద ఒక రాకెట్ పొరపాటున పేలి, ఇంధనం కారి డెక్ అంతా అంటుకుంది. 134 మంది పోయారు. ఒక జట్టు ఫోమ్ కొడుతుంటే ఇంకో జట్టు సముద్రపు నీళ్లు కొట్టి ఆ ఫోమ్‌ని కడిగేసింది. ఆ సినిమా రీలు మాకు ట్రైనింగ్‌లో చూపించేవారు. ఆ తర్వాతే నౌకాదళాలు, విమానాశ్రయాలు, రిఫైనరీలు అన్నీ ఈ రకం ఫోమ్‌కి మారాయి.

తలతన్యతని అంత కిందికి లాగేది మాత్రం సబ్బు కాదు. ఫ్లోరిన్ గొలుసున్న రసాయనాలు. త్రీఎం పాత ఫోమ్‌లో ఉన్నది పీఫోస్ అనే రకం. కార్బన్, ఫ్లోరిన్ మధ్య బంధం ఎండకి విడదు, బ్యాక్టీరియాకి విడదు, మామూలు మంటకి కూడా సరిగ్గా విడదు. మట్టిలో పోస్తే బోరులోకి దిగుతుంది, కాలవలో పోస్తే చేపలోకి, చేప నుంచి మనిషి రక్తంలోకి, రక్తంలో ఏళ్ల తరబడి ఉంటుంది. మీ మేనేజర్ గారు ‘నురగ నీళ్లు’ అన్నారు చూడండి, అందరూ అక్కడే బోల్తా పడతారు. మేం కూడా విమానాశ్రయాల్లో ట్రైనింగ్ పేరుతో నేల మీద ఎంత కొట్టామో, అప్పుడు దాని గురించి మాకు చెప్పినవాళ్లు లేరు.

తొండయార్పేట_లక్ష్మి · శనివారం, ఉదయం 9.10

ఇది చదివాక చేతులు ఆడలేదు. మేం మూడు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లం. మణలి కాలవలన్నీ చివరికి బకింగ్‌హామ్ కాలవలోకి, ఎన్నూరు క్రీక్‌లోకి పోయేవే కదా. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వరదకి చమురు కొట్టుకొచ్చి క్రీక్ అంతా నల్లబడింది, కాసిమేడు మార్కెట్లో ఎన్నూరు చేప అంటే కొనడం మానేశారు, జాలరి కుటుంబాలు ఎంత అవస్థ పడ్డాయో మాకు తెలుసు. చమురు కనీసం కంటికి కనబడింది. ఇది కనబడదు కదా? బాబూ మణలి సేఫ్టీ, దయచేసి ఆ లారీ ఆపించు. ఇంకో అనుమానం, ఇలాంటివి నీళ్లలో ఉంటే కాచి తాగితే పోతాయా?

మీనంబాక్కం_ఫైర్ · శనివారం, ఉదయం 9.45

పోవమ్మా. కాస్తే నీళ్లు ఆవిరై అది ఇంకొంచెం చిక్కబడుతుంది. ఆర్‌ఓ పొర, యాక్టివేటెడ్ కార్బన్, ఈ రెండూ చాలావరకు పట్టుకుంటాయి. ఆర్‌ఓ వదిలేసే నీళ్లలో మళ్లీ అది చిక్కగా ఉంటుంది, అది కూడా గుర్తుంచుకోవాలి.

పోర్ట్_సీను · శనివారం, ఉదయం 10.30

ఒక్క నిమిషం. ఫైర్ అన్నగారి మీద గౌరవంతోనే చెప్తున్నాను. ఇప్పుడు అందరూ ఫ్లోరిన్ లేని ఫోమ్ అంటున్నారు. నేను రెండూ కొట్టి చూశాను. పెద్ద ట్యాంకు మంట మీద పాతదే త్వరగా పడగొడుతుంది. 1997 సెప్టెంబర్ 14న విశాఖ రిఫైనరీలో గ్యాస్ లీకై ట్యాంకులు అంటుకున్నాయి, 60 మంది దాకా పోయారు. 2009 అక్టోబర్‌లో జైపూర్ డిపోలో పెట్రోలు ఆవిరి మేఘం పేలితే రోజుల తరబడి కాలనివ్వడం తప్ప ఏం చేయలేకపోయారు. అలాంటి చోట మనిషి ప్రాణం ముందా, పదేళ్ల తర్వాత నీళ్లలో వచ్చే పీపీబీ (వంద కోట్లలో ఒక పాలు) లెక్క ముందా? ఉన్న మంచి ఫోమ్‌ని భయపడి పారేసి, రేపు మంట వస్తే ఎవరు జవాబు చెప్తారు?

మీనంబాక్కం_ఫైర్ · శనివారం, ఉదయం 11.20

సీను గారూ, ఈ మాట తేలిగ్గా తీసేయలేను. ప్రాణం ముందే. నిజంగా ట్యాంకు అంటుకుని ఉన్నదల్లా పాత ఫోమే అయితే నేనూ అదే కొడతాను. కాని మీరు చెప్పిన రెండు చోట్లా ఫోమ్ రకం వల్ల కాదు కదా నష్టం, మొదట గ్యాసు, ఆవిరి బయటికొచ్చి దూరం దాకా పాకాయి, అంటుకునేలోగా ఎవరూ ఆపలేకపోయారు. ఫోమ్ ద్రవం మీద పనిచేస్తుంది, గాల్లో మేఘం మీద కాదు. జైపూర్ తర్వాత ఎంబీ లాల్ కమిటీ ఇచ్చిన రిపోర్టులో కూడా వాల్వులు, రిమోట్‌గా మూసే ఏర్పాట్లు, గ్యాస్ డిటెక్టర్లు, వాటి మీదే ఎక్కువ పట్టుబట్టారు.

ఇంకా అసలు సంగతి, తమ్ముడి ట్యాంకుల్లో మిథనాల్, అసిటోన్, ఐపీఏ ఉన్నాయన్నాడు. ఇవి నీళ్లలో కలిసిపోయే ద్రవాలు. వీటి మీద మామూలు ఏఎఫ్ఎఫ్ఎఫ్ కొడితే పొర నిలబడదు, నురగలో నీటిని ఆ ద్రవం లాగేసుకుంటుంది, మీరు కొడుతూనే ఉంటారు, అది కరిగిపోతూనే ఉంటుంది. వీటికి ఆల్కహాల్ రెసిస్టెంట్ రకం, ఏఆర్ ఫోమ్ కావాలి. దాంట్లో ఉండే పాలిమర్ ఆల్కహాల్ తగలగానే జిగురు పొరలా విడివడి అడ్డు నిలుస్తుంది. మీ డ్రమ్ము మీద ఏఆర్ అనే మాట లేదు. అంటే ఆ డ్రమ్ములు టొలువిన్ ట్యాంకుకి తప్ప మిగతా వాటికి ఇన్నాళ్లూ ఉన్నా లేనట్టే. అవి ఉన్నాయి కదా అని ధైర్యంగా ఉండటం నాకు కాలవలో పోయడం కన్నా ఎక్కువ భయంగా ఉంది.

పోర్ట్_సీను · శనివారం, మధ్యాహ్నం 12.05

మిథనాల్ సంగతి నేను చూడలేదు. దానికి ఏఆర్ తప్పనిసరి, ఒప్పుకుంటాను. కానీ ఫ్లోరిన్ లేనిది పెట్టేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. దానికి ఆ పలచటి పొర ఉండదు, నురగ దుప్పటి మందమే దాని బలం. దూరం నుంచి మానిటర్‌తో (ఫోమ్ చిమ్మే పెద్ద నాజిల్‌తో) ద్రవంలోకి గుచ్చినట్టు కొడితే ఇంధనంతో కలిసి పాడవుతుంది. ట్యాంకు గోడకి తగిలించి మెల్లగా జార్చాలి. మనుషులకి మళ్లీ ట్రైనింగ్ ఇవ్వకుండా డబ్బా మాత్రం మార్చేస్తే నష్టపోతారు.

మీనంబాక్కం_ఫైర్ · శనివారం, మధ్యాహ్నం 12.20

నూటికి నూరు పాళ్లు.

గిండీ_హాస్టల్ · శనివారం, మధ్యాహ్నం 1.40

నేనొక లెక్క వేశాను, చూడండి. అమెరికా పర్యావరణ సంస్థ 2024 ఏప్రిల్‌లో తాగునీటిలో పీఫోస్‌కి పెట్టిన పరిమితి లీటరుకి 4 నానోగ్రాములు. అంటే ఒక్క గ్రాము పీఫోస్ 25 కోట్ల లీటర్ల నీళ్లని ఆ హద్దుకి తీసుకెళ్తుంది. మన మీంజూరు డీసాలినేషన్ ప్లాంటు సామర్థ్యం రోజుకి 10 కోట్ల లీటర్లు. ఒక గ్రాముకి రెండున్నర రోజుల మీంజూరు నీళ్లు! డ్రమ్ములో అర శాతమే ఉందనుకున్నా 20 లీటర్లలో 100 గ్రాములు. అలాంటి డ్రమ్ములు ‘కొన్ని’ అన్నారు అన్న.

క్యాన్సర్ పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 2023 చివర్లో పీఫోస్ జాతికే చెందిన పీఫోవా అనే రసాయనాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెప్పించేవాటి మొదటి గుంపులో పెట్టింది, పీఫోస్‌ని ‘కావచ్చు’ అనే గుంపులో పెట్టింది.

అడయార్_వెంకట్ · శనివారం, మధ్యాహ్నం 2.30

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ‘లైట్ వాటర్ తాగితే క్యాన్సర్ రాదు’ అని ఒకటి తిరుగుతోంది, సీసా వేలల్లో ఉంది. మా అత్తగారికి కీమో జరుగుతోంది, ఇంట్లో వాళ్లు తెప్పించాలని పట్టుబడుతున్నారు. ఇది ఇంకో లైట్ వాటరా?

కల్పక్కం_మాస్టారు · శనివారం, సాయంత్రం 4.10

ఇంకొకటే బాబూ. నేను చెప్పిన డ్యుటీరియాన్ని మామూలు నీళ్లలో ఉన్నదానికన్నా ఇంకా తగ్గించిన నీళ్లు. సహజంగా 155 పీపీఎం దాకా ఉంటుంది, వీళ్లు దాన్ని 100కో 25కో దించి అమ్ముతారు. తయారు చేయడం నిజమే, ఖర్చూ నిజమే. జబ్బు నయమవుతుందని నమ్మదగిన పెద్ద ట్రయల్స్‌లో తేలలేదు. డాక్టరుని అడగకుండా ఏదీ మొదలుపెట్టకండి, ఆ డబ్బు ఆవిడ తిండికి, మందులకి పెట్టండి. కీమోలో ఉన్నవాళ్లకి శుభ్రమైన నీళ్లు కావాలి, ఖరీదైన నీళ్లు కాదు. ఆవిడ త్వరగా కోలుకోవాలి.

అడయార్_వెంకట్ · శనివారం, సాయంత్రం 4.25

చాలా థాంక్స్ మాస్టారూ. ఇది తమిళంలో కూడా రాసి గ్రూపులో పెడతాను.

మణలి_సేఫ్టీ · శనివారం, రాత్రి 8.15

ఈ థ్రెడ్ అంతా మా మేనేజర్ గారికి చదివి వినిపించాను. లక్ష్మిగారూ, స్క్రాప్ లారీకి ఫోన్ చేసి రావద్దని చెప్పేశాం. మీంజూరు లెక్క విన్నాక ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఒకటి, వీటిని న్యాయంగా ఎలా వదిలించుకోవాలి? రెండు, మనదేశంలో ఇది నిషేధం కాదా, నిషేధం కాకపోతే ఆడిట్‌లో నేను దేన్ని పట్టుకుని వాదించాలి?

మీనంబాక్కం_ఫైర్ · శనివారం, రాత్రి 9.30

రెండోది ముందు చెప్తాను. ప్రకృతిలో విడిపోకుండా నిలిచిపోయే విష రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందంలో పీఫోస్‌ని 2009లో, పీఫోవాని 2019లో చేర్చారు. మనదేశం ఆ ఒప్పందంలో 2006 నుంచి ఉంది. కాని కొత్తగా చేర్చిన ప్రతి రసాయనాన్నీ విడిగా ఒప్పుకోవాలి. 2020 అక్టోబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన 7 రసాయనాల్లో ఇవి లేవు. త్రీఎం అయితే పీఫోస్ తయారీ ఆపేస్తున్నామని 2000లోనే ప్రకటించింది, 2022 డిసెంబర్‌లో ఈ జాతి రసాయనాలన్నీ 2025 ఆఖరుకల్లా మానేస్తామని చెప్పింది. తయారు చేసినవాళ్లే వదిలేసినదాన్ని మనం కాలవలో పోస్తామా అని అడగండి, ఏ ఆడిటర్ అయినా వింటాడు.

ఇక వదిలించుకోవడానికి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు ఉన్నాయి. మీ కంపెనీకి తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్ ఎలాగూ ఉండి ఉంటుంది, దాంట్లో ఈ వ్యర్థం చేర్పించాలి. గుమ్మిడిపూండిలో ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంది, వాళ్లకి ఫ్లోరిన్ ఉందన్న సంగతి కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెప్పి ఊరుకోకండి, ఎందుకంటే దీన్ని 1,000 డిగ్రీలకి పైన బాగా కాల్చాలి, తక్కువ వేడిలో కాలిస్తే పొగ గొట్టంలోంచి ఊరిమీదే పడుతుంది. వాళ్లు పాతిపెడతాం అంటే ఒప్పుకోకండి, పాతిపెట్టింది ఎప్పటికో ఊట నీళ్లలో బయటికొస్తుంది. వ్యర్థం పంపినట్టు రాసే కాగితం, అదే మ్యానిఫెస్ట్, దాని కాపీ దాచుకోండి.

అంతవరకు డ్రమ్ములు కప్పు కింద, గట్టు కట్టిన సిమెంటు నేల మీద ఉంచండి. తుపాను నీళ్లు మీ యార్డులోకి ఎంత ఎత్తు వచ్చాయో గుర్తుంటుంది కదా, దానికన్నా ఎత్తులో పెట్టండి.

తొండయార్పేట_లక్ష్మి · శనివారం, రాత్రి 9.50

ఆ ఎత్తు మాట చాలా అవసరం. ఆ ఏడాది మా వీధిలో నడుముదాకా వచ్చింది. థాంక్స్ బాబూ, లారీ ఆపినందుకు.

మణలి_సేఫ్టీ · ఆదివారం, ఉదయం 10.00

రాత్రే వెళ్లి డ్రమ్ములన్నీ కొత్త కెమికల్ షెడ్డులో ఎత్తు మీద పెట్టించాను, ప్రమాదకర వ్యర్థం అని లేబుల్ అంటించాం. ఇప్పుడు ఇంకో అనుమానం పట్టుకుంది. ఫోమ్ హౌస్‌లో బ్లాడర్ ట్యాంకు (లోపల రబ్బరు సంచిలో ఫోమ్ కాంపౌండ్ ఉండే ట్యాంకు) నిండా ఉన్న కాంపౌండ్ కూడా పాతదే, అదేమిటో రికార్డు లేదు. బుధవారం మాక్ డ్రిల్ ఉంది, జిల్లా అధికారులు వస్తున్నారు. ఏఆర్ ఫోమ్‌కి కొటేషన్లు కూడా అడుగుతున్నాం.

పోర్ట్_సీను · ఆదివారం, ఉదయం 10.40

డ్రిల్ నీళ్లతో చేయండి, ఫోమ్ వాల్వు మూసి పెట్టి దాని మీద ట్యాగ్ వేయండి. అడిగినవాళ్లకి శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లిందని చెప్పండి, నిజంగానే పంపండి. ల్యాబ్‌లో మొత్తం ఫ్లోరిన్ చూడమని విడిగా రాయాలి, రాయకపోతే వాళ్లు నురగ ఎంత పొంగింది, ఎంతసేపు నిలిచింది అంతే చూసి ఇస్తారు.

మీనంబాక్కం_ఫైర్ · ఆదివారం, ఉదయం 11.15

సీను గారు చెప్పినట్టే చేయండి. ట్యాంకులోది ఫ్లోరిన్ ఉన్నదని తేలితే, అది ఖాళీ చేశాక బ్లాడర్‌నీ పైపునీ కడిగిన నీళ్లు కూడా డ్రమ్ముల్లోకే పట్టాలి, మీ ఈటీపీలోకి (వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంటులోకి) కాదు, ఈటీపీ దీన్ని ఏమీ చేయలేదు. పాత బ్లాడర్‌ని ఎంత కడిగినా రబ్బరులో కొంత మిగులుతుంది, బడ్జెట్ ఉంటే బ్లాడరే మార్చండి. కొత్తది వచ్చేదాకా ట్యాంకు ఖాళీగా ఉంచొద్దు, ఏఆర్ సరుకు గేటు లోపలికి వచ్చాకే పాతది దించండి.

కొటేషన్‌లో ఇంకోటి చూసుకోండి. మీ పాత సిస్టమ్ 6 శాతానిది. ఇప్పుడు అమ్మే ఏఆర్ ఎక్కువగా 3 శాతం రకం, పైగా జిగురుగా ఉంటుంది. నీళ్లలో ఫోమ్ కలిపే పరికరాన్ని, అంటే ప్రపోర్షనర్‌ని, మార్చకుండా పోస్తే ఎంత శాతం కలుస్తుందో ఎవరూ చెప్పలేరు. ఏ కాంపౌండ్ ఏ ప్రపోర్షనర్‌తో, ఏ నాజిల్‌తో టెస్ట్ అయ్యిందో ఆ సర్టిఫికెట్ అడగండి, మిథనాల్ మీదా అసిటోన్ మీదా విడివిడిగా. టొలువిన్ మీద చేసిన టెస్ట్ చూపిస్తే తిప్పి పంపండి.

మణలి_సేఫ్టీ · ఆదివారం, ఉదయం 11.30

సరే అన్నగారూ. మిథనాల్, అసిటోన్, ఐపీఏ మూడింటికీ విడిగా సర్టిఫికెట్ అని కొటేషన్‌లో రాసేశాను. ల్యాబ్ రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను.